నూటికి పదిన్నర

కంపెనీ ఏలుబడిలో నెల్లూరు పడమటి సీమ: 9వ భాగం

పోయిన సంచికలో 1801 జులై 31 దగ్గర ఆగాం. ఆ రోజు ఆర్కాటు నవాబు అజీముద్దౌలా సంతకం పెట్టాడు. కర్ణాటక రాజ్యమంతా ఈస్టిండియా కంపెనీ వశమైంది, దానితోపాటే నెల్లూరు సీమా పోయింది. ఈసారి ముప్పై ఏళ్ళు దాటుకుని ముందుకు వెళుతున్నాను. ఈలోపు జమీందార్లకు సన్నదులిచ్చారు, మూడేళ్ళ కౌళ్ళు నడిపారు, పదేళ్ళ కౌళ్ళు నడిపారు, అవి బెడిసికొట్టాక మన్రో పట్టుబట్టిన రైత్వారీకి వచ్చారు. ఆ గొడవంతా ఆర్థిక చరిత్ర పుస్తకాల్లో కావలసినంత ఉంది. ఈ భాగానికి కావలసింది ఒక్క తేదీ: 1833 ఆగస్టు 28.

ఆ తేదీకి ముందు కరువు సంగతి చెప్పుకోవాలి. 1832-33 నందన నామ సంవత్సరం. గుంటూరు సీమవాళ్ళు దాన్ని డొక్కల కరువన్నారు. తిండి లేని జనం మూటాముల్లె కట్టుకుని మద్రాసు దారి పట్టారు. ఒంగోలు మీదుగా నెల్లూరు, అక్కడినుంచి ఇంకా దక్షిణానికి. దారి పొడుగునా శవాలే. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభా ఉంటే, లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా పోయారని ఆనాటి అంచనా. నెల్లూరు జిల్లా కూడా దెబ్బతింది. పెన్న నీళ్ళు అందే తూర్పు మాగాణి సంగతి వేరు. ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళు జొన్న, సజ్జ, వరిగ మీద బతికేవి. రెండు అదనులు తప్పితే చెరువు అడుగు బయటపడే నేల అది.

ఆ కరువు గడిచి ఇంకా ఏడాది తిరగలేదు. లండన్‌లో కంపెనీ చార్టరును మరో ఇరవై ఏళ్ళకు పొడిగించే చట్టానికి రాజముద్ర పడింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలందరికీ ఈ చట్టం కంఠతా వచ్చు. బెంగాల్ గవర్నర్ జనరల్ ఇండియా గవర్నర్ జనరల్ అయ్యాడు, కౌన్సిల్లో లా మెంబరుగా మెకాలే వచ్చాడు, మద్రాసు, బొంబాయి శాసనాధికారాలు పోయాయి. గైడ్లలో ఇంతవరకే ఉంటుంది. అసలు బేరం మరో చోట జరిగింది.

కంపెనీకి ఇండియా వ్యాపారంపై ఉన్న గుత్తాధికారం 1813లోనే పోయింది. మిగిలింది చైనా తేయాకు. 1833 చట్టంతో అదీ పోయింది. అంతేకాదు, కంపెనీ తన వ్యాపారమంతా వీలైనంత త్వరగా మూసెయ్యాలని చట్టమే చెప్పింది. సరుకు కొనకూడదు, అమ్మకూడదు. మరి వాటాదారుల గతి? వాళ్ళ మూలధనం 60 లక్షల పౌండ్లు. దానిమీద ఏటా నూటికి పదిన్నర చొప్పున, అంటే 6,30,000 పౌండ్లు, ఆనాటి మారకంలో ఇంచుమించు 63 లక్షల రూపాయలు, నలభై ఏళ్ళపాటు ఇస్తూనే ఉండాలని రాశారు. ఆ డబ్బు ఇండియా రాబడి నుంచి రావాలి. నలభై ఏళ్ళు నిండాక పార్లమెంటు కావాలనుకుంటే వంద పౌండ్ల వాటాకు రెండు వందలిచ్చి తీర్చేయవచ్చు.

వాటా కొన్నవాడికి లాభం వస్తే లాభం, నష్టం వస్తే నష్టం. వర్తకంలో అందరికీ తెలిసిన సూత్రం ఇది. ఇక్కడ వర్తకమే లేదు, నష్టం అసలే లేదు. ఉదయగిరిలో వాన పడినా పడకపోయినా లండన్‌లో పదిన్నర పడుతుంది. ఇండియా రాబడి అంటే అన్నిటికన్నా ముందు భూమి శిస్తు, ఆ తర్వాత ఉప్పు, నల్లమందు, సుంకాలు. మద్రాసు రాజధానిలో అయితే శిస్తుదే పెద్ద పద్దు. కాబట్టి ఆత్మకూరు తాలూకాలో పట్టాదారు కట్టిన కిస్తులో కొంత, అది ఎంత చిన్న వంతైనా, ఎక్కడో ఉన్న ఒక వాటాదారుకు వడ్డీగా చేరింది.

ఎవరీ వాటాదారులు? లండన్ బ్యాంకర్లు, ఓడల యజమానులు, ఇండియాలో గడించి తిరిగి వెళ్ళిన ఉద్యోగులు, వాళ్ళ వితంతువులు. వెయ్యి పౌండ్ల వాటా ఉంటే కంపెనీ సర్వసభ్య సభలో ఒక ఓటు. పదివేల పౌండ్లకు నాలుగు ఓట్లు, అంతకు మించి లేవు. వీళ్ళు 24 మంది డైరెక్టర్లను ఎన్నుకునేవాళ్ళు. లెడెన్‌హాల్ వీధిలోని ఇండియా హౌస్‌లో కూర్చునే ఆ డైరెక్టర్లకు జీతం కన్నా పెద్ద ఆదాయం ఉద్యోగాలు పంచిపెట్టే అధికారం. ఎవరి మేనల్లుణ్ణి హెయిలీబరీ కాలేజీలో చేర్పించాలో, ఎవరి కొడుకును సైన్యంలోకి పంపాలో వాళ్ళ ఇష్టం. నెల్లూరులో కలెక్టరుగా దిగే కుర్రాడు ఆ సిఫారసు గొలుసు పట్టుకుని వచ్చినవాడే. కంపెనీ పాలన మొత్తంగా డైరెక్టర్ల చేతిలోనే ఉందని కాదు. 1784 నుంచి బ్రిటిష్ మంత్రివర్గం తరఫున బోర్డ్ ఆఫ్ కంట్రోల్ ఉంది. కానీ బోర్డు, డైరెక్టర్లు ఇద్దరూ జవాబు చెప్పుకోవలసింది అక్కడివాళ్ళకే. కిస్తు కట్టేవాడికి ఏ సభలోనూ ఓటు లేదు.

ఇండియా హౌస్ గుమాస్తాల్లో ఇద్దరి పేర్లు మనకు బాగా తెలుసు. తండ్రి జేమ్స్ మిల్, కొడుకు జాన్ స్టువర్ట్ మిల్. కొడుకు 1823 నుంచి 1858 దాకా అక్కడే పనిచేశాడు. స్వేచ్ఛ మీద ఆయన రాసిన పుస్తకం 1859లో వచ్చింది. అది గొప్ప పుస్తకం, కాదనను. ముప్పై అయిదేళ్ళు ఆయన జీతం కూడా ఈ పద్దులోంచే వెళ్ళింది.

శిస్తు ఎలా వసూలయ్యేదో చూద్దాం. ఏటా జమాబందీ. కలెక్టరు డేరా వేస్తాడు, కరణం లెక్కలు విప్పుతాడు, రెడ్డి పక్కన నిలబడతాడు. ఏ సర్వే నంబరు సాగైంది, ఏది బీడు, ఎంత మాఫీ అని తేలుస్తారు. కాగితం మీద చక్కగా ఉంటుంది. కిస్తు గడువు మాత్రం పంట అమ్ముడుపోయేదాకా ఆగదు. రైతు షావుకారు దగ్గరికి పరుగెత్తాలి. అక్కడా దొరక్కపోతే తాలూకా బంట్రోతులు వస్తారు. వాళ్ళ దగ్గర చిరతలుంటాయి. భజనలో వాయించే చిరతలు కావు. రెండు కర్రలను ఒక కొసన కలిపి కట్టి, మధ్య వేళ్ళు పెట్టించి రెండో కొస నొక్కుతారు. తమిళ సీమలో దాన్నే కిట్టి అన్నారు. మెడ వంచి కాలి బొటనవేలికి తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం ఇంకొక పద్ధతి. ఇది నా కల్పన కాదు. మద్రాసు ప్రభుత్వం వేసిన చిత్రహింసల విచారణ సంఘం తన 1855 నివేదికలో వీటిని పేరుపేరునా రాసింది. ఆ నివేదిక దాకా కథ ఎలా వెళ్ళిందో కాసేపట్లో చెబుతాను.

ఉప్పు సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. నెల్లూరు తీరమంతా ఉప్పు కొటార్లే. 1805లో కంపెనీ ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకుంది. మొదట గరిసె 70 రూపాయలు, నాలుగేళ్ళకు 105. తీరాన మడిలో తేలే ఉప్పు, పడమటికి లంబాడీల ఎద్దుల మీద ఎక్కి వచ్చేసరికి ఉదయగిరి ఇల్లాలికి ఎంత పడేదో ఊహించుకోవచ్చు.

పాత రాజులంతా ధర్మప్రభువులని చెప్పడం నా ఉద్దేశం కాదు. కృష్ణదేవరాయలు 1513-14లో ఉదయగిరిని నెలల తరబడి ముట్టడించి గజపతుల నుంచి లాక్కున్నప్పుడు చుట్టుపక్కల పల్లెలు ఏమైపోయాయో ఏ శాసనమూ చెప్పలేదు. ఆయన ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించిన సంగతి మాత్రం చెప్పాయి. నాయంకర్లూ పీడించినవాళ్ళే. కానీ వసూలైన సొమ్ము ఎక్కడ తిరిగిందన్నది వేరే ప్రశ్న. 1369లో ఉదయగిరి రాజ్యాన్ని ఏలినవాడు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. వెలికొండలకు ఆవలివైపు పోరుమామిళ్ళలో ఆయన అనంతరాజసాగరం తవ్వించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని శాసనం చెక్కించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేమిటో, రాకూడని ఆరు దోషాలేమిటో కూడా అదే రాతిమీద చెక్కించాడు. ఈ ప్రాంతంలో చెరువు మరమ్మతులకు దశబంధం మాన్యాలుండేవి. శిస్తు తీసుకున్నవాడు చెరువు కట్ట తెగితే తానూ నష్టపోయేవాడు. పదిన్నర ఖాయం చేసుకున్నవాడికి కట్ట ఉంటేనేం, తెగితేనేం? 1850ల మొదట్లో కంపెనీ ప్రభుత్వమే మద్రాసు పబ్లిక్ వర్క్స్ మీద సంఘం వేసి విచారించుకోవలసి వచ్చింది. పెన్న మీద నెల్లూరు ఆనకట్ట పూర్తయ్యేసరికి 1855. అప్పటికి కంపెనీ పాలనకు మిగిలిన ఆయుష్షు మూడేళ్ళు.

మళ్ళీ 1833 ఆగస్టు 28కి వద్దాం. ఆ రోజు రాజముద్ర పడిన చట్టం ఇంకొకటుంది. బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం అదే రోజు ఆమోదం పొందింది. దానికీ నెల్లూరుకూ ఏమిటి సంబంధం అంటారా? బట్ట. నెల్లూరు జిల్లాలో నేసి, నీలిమందులో ముంచిన సాలెంపూరు గుడ్డలు మద్రాసు మీదుగా లండన్‌కు, అక్కడినుంచి వెస్టిండీస్ దీవులకు వెళ్ళేవి. చెరకు తోటల్లో పనిచేసే బానిసలకు యజమానులు కొని కట్టబెట్టే బట్ట అది. నీలిమందు పండించేదీ ఈ జిల్లా రైతులే. బానిసత్వం పోయాక ఆ గిరాకీ కుప్పకూలింది.

విముక్తి పొందినవాళ్ళు తమకు నచ్చిన బట్ట కట్టుకున్నారు, అందులో దుఃఖించాల్సింది లేదు. నన్ను ఆపేది పరిహారాల లెక్క. బానిసల యజమానులకు బ్రిటిష్ ఖజానా 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. వ్యాపారం వదులుకున్న కంపెనీ వాటాదారులకు ఇండియా ఖజానా నలభై ఏళ్ళ పదిన్నర రాసిచ్చింది. బానిసలకు ఏమీ ఇవ్వలేదు. నెల్లూరు సాలెవాళ్ళకు ఏమీ ఇవ్వలేదు సరికదా, మొహతర్ఫా కింద మగ్గం పన్ను కట్టించుకుంటూనే ఉన్నారు. అన్నట్టు, బానిసత్వ రద్దు చట్టం కంపెనీ ఏలే భూములకు వర్తించదని ఆ చట్టంలోనే ఒక సెక్షను ఉంది.

ఇక ఉదయగిరి కోట. నెల్లూరు జిల్లా 1801లోనే కంపెనీదైనా, ఉదయగిరి మాత్రం జాగీరుగా మిగిలింది. ముస్తఫా అలీఖాన్ వంశం వాళ్ళు దాన్ని అనుభవిస్తూ వచ్చారు. కొండమీద కోట పాడుపడుతున్నా, కింద ఊళ్ళో నవాబు దర్బారు నడిచేది. చుట్టూ కలెక్టరు రాజ్యం, మధ్యలో ఈ లంక. 1839లో అదీ పోయింది.

ఆ ఏడాది దక్కన్ అంతా గుసగుసలే. ఇంగ్లీషువాళ్ళు అఫ్ఘాన్ యుద్ధంలో దిగారు, ఉత్తరాన్నించి రష్యావాళ్ళు వస్తారన్న భయం వాళ్ళది. వహాబీ బోధకులు ఊరూరా తిరుగుతున్నారని నెల్లూరు అధికారి స్టోన్‌హౌస్ పసిగట్టాడు. కబురు హైదరాబాదు రెసిడెంటు ఫ్రేజర్ దాకా వెళ్ళింది. విచారణలో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా పేరు బయటికొచ్చింది. ఆయన్ను గోల్కొండలో పెట్టారు. 1854లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్ కోటలో ఫిరంగులు దాచాడన్నారు. కంపెనీ సైన్యం వెళ్ళింది. అక్టోబరు 18న జోరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపారు, మరుసటేడు అక్కడ హత్యకు గురయ్యాడు. ఉదయగిరి జాగీరుదారు అబ్బాస్ అలీఖాన్‌కూ ఈ కుట్రలో చెయ్యి ఉందని తేల్చారు. జాగీరు రద్దయింది. ఆయన్ను చెంగల్పట్టుకు తరలించారు.

కుట్ర పూర్తిగా కల్పితమని నేననను. కర్నూలు కోటలో ఆయుధాలు దొరికిన మాట నిజం. కానీ వరస గమనించండి. 1799లో శ్రీరంగపట్నం పట్టుకున్నాక టిప్పు కాగితాల్లో ఆర్కాటు నవాబుల ఉత్తరాలు దొరికాయన్నారు, 1801లో ఆర్కాటు పోయింది. 1839లో ఇంకో కుట్ర దొరికింది, కర్నూలు పోయింది, ఉదయగిరి పోయింది. ప్రతిసారీ నేరం ఒక మనిషిది, దండుగ ఒక రాజ్యం. ఆ రాజ్యం శిస్తు మర్నాటినుంచి ఏ పద్దులో జమవుతుందో పైన చూశాం. చెంగల్పట్టును ఎంచుకోవడంలోనూ ఒక విడ్డూరముంది. 1763లో నవాబు మహమ్మదలీ దగ్గర కంపెనీ మొట్టమొదట పెద్ద ఎత్తున పుచ్చుకున్న జాగీరు అదే. ఇంగ్లీషు రికార్డుల్లో చాలాకాలం ఆ జిల్లా పేరే 'జాగీరు'. ఒకనాటి జాగీరుదారు ఇంకొక జాగీరుదారును తన పాత జాగీరులోనే బందీగా ఉంచాడన్నమాట.

మహమ్మదలీ పేరు వచ్చింది కాబట్టి అప్పుల సంగతి ఒక్కమాట. పోల్ బెన్‌ఫీల్డ్ లాంటి కంపెనీ ఉద్యోగులే సొంత డబ్బు నవాబుకు వడ్డీకిచ్చి, తనఖాగా జిల్లాల శిస్తు మీద తంఖాలు రాయించుకున్న కథ నాలుగో భాగంలో వివరంగా రాశాను. నవాబు రాజ్యం పోయాక కూడా బాకీలవాళ్ళు పోలేదు. 1805లో వేసిన కర్ణాటక కమిషన్ ముందు 3 కోట్ల పౌండ్లకు పైగా బాకీలు చూపించారు. పాతికేళ్ళు విచారించి, అందులో పదోవంతు కన్నా తక్కువే నిజమని తేల్చారు. మిగిలినవి దొంగ పత్రాలు. ఇప్పటి బ్యాంకు ఎగవేతల వార్తలు చదివే పాఠకులు దీన్ని చూసి పెద్దగా ఆశ్చర్యపోరనుకుంటాను.

జనం ఊరుకున్నారా? ఊళ్ళు వదిలి పోవడం రైతుకు తెలిసిన పాత పద్ధతి. అర్జీలు పెట్టడం కొత్త పద్ధతి. ఆ కొత్తదాన్ని ఒక తెలుగు వర్తకుడు గట్టిగా పట్టుకున్నాడు. గాజుల లక్ష్మీనరసు సెట్టి మద్రాసులో పుట్టాడు. వాళ్ళది నీలిమందు వ్యాపారం. అంటే నెల్లూరు, కడప పల్లెల సరుకుతో బతికిన ఇల్లు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. మరుసటేడు కంపెనీ చార్టరు మళ్ళీ పార్లమెంటు ముందుకు వస్తుంది. సరిగ్గా ఆ సమయం చూసి శిస్తు భారం, ఉప్పు గుత్త, మొహతర్ఫా, కచేరీల్లో అన్యాయం అన్నీ రాసి పార్లమెంటుకు అర్జీ పంపాడు. వాటాదారులు తమ బేరం తేల్చుకునే చోటికే రైతు ఫిర్యాదు కూడా వెళ్ళాలని గ్రహించినవాడు ఆయన. ఈ కథలో నాకు అన్నిటికన్నా తెలివైన ఎత్తుగడ ఇదే అనిపిస్తుంది.

1853లో డాన్బీ సీమర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు ఆయన్ను వెంటబెట్టుకుని జిల్లాల్లో తిప్పాడు, బాధితులను ఎదురుగా నిలబెట్టాడు. 1854 జులైలో కామన్స్ సభలో చర్చ జరిగింది. కంపెనీ పక్షంవాళ్ళు మొదట అదంతా అబద్ధమన్నారు. ఆ తర్వాత ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం వేయక తప్పలేదు. అదే ఇందాక చెప్పిన నివేదిక. శిస్తు వసూళ్ళలో చిత్రహింస ఉందని సంఘం ఒప్పుకుంది. తప్పంతా దేశీ బంట్రోతులదీ, తాసీల్దార్లదీ అని రాసి, తెల్ల అధికారులకు మచ్చ లేకుండా చూసుకుంది. ఆ బంట్రోతులు చేసింది ఘోరమే. కానీ ఈ కిస్తు ఇంత, ఈ గడువులోగా అని పైనుంచి ఒత్తిడి చేసిందెవరో సంఘానికి తెలియక కాదు.

కంపెనీ పాలన ముగిసింది ఈ నివేదికతో కాదు, 1857 తిరుగుబాటుతో. ఆ ముగింపును తప్పించుకోవడానికి పార్లమెంటుకు కంపెనీ పెట్టుకున్న అర్జీ రాసిపెట్టినవాడు జాన్ స్టువర్ట్ మిల్లే. ఫలించలేదు. 1858 నవంబరు 1న రాణి ప్రకటన వెలువడింది. ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ కచేరీలు అవే, కరణాలు వాళ్ళే. వాటాదారులకూ ఏమీ మారలేదు. 1858 చట్టం పదిన్నరను తు.చ. తప్పకుండా ఇండియా రాబడి మీదే ఉంచింది. వ్యాపారం లేదు, సైన్యం లేదు, రాజ్యం లేదు. డివిడెండు మాత్రం ఏటా పడుతూనే ఉంది, ఇంకో పదహారేళ్ళు.

ఇప్పటి కార్పొరేట్ల మాట ఎత్తితే చాలామంది వెంటనే ఈస్టిండియా కంపెనీ మళ్ళీ వచ్చిందంటారు. నాకు ఆ మాట అంత సులువుగా రాదు. 2020, 2021ల్లో కృష్ణపట్నం రేవు రెండు విడతల్లో అదానీ పోర్ట్స్ చేతికి వెళ్ళినా, దానికి సైన్యం లేదు, చిరతలు లేవు. మనకు ఓటుంది, కోర్టుంది. పోల్చి చూడవలసింది ఫిరంగులను కాదు, ఒప్పందాల్లోని చిన్న అక్షరాలను. నష్టమొస్తే ఎవరు భరిస్తారు? కనీస ఆదాయానికి పూచీ ఎవరిది? గడువు ఎన్నేళ్ళు? ఆ ప్రశ్నలు 1833లో అడిగేందుకు ఉదయగిరి రైతుకు దారి లేదు. ఇప్పుడు పత్రాలు అడిగి తీసుకునే చట్టం ఉంది, ఎంతమంది అడుగుతున్నారన్నది వేరే సంగతి.

లెక్క ముగిద్దాం. నలభై ఏళ్ళకు, ఏటా 6,30,000 చొప్పున, 2 కోట్ల 52 లక్షల పౌండ్లు. గడువు తీరడానికి ముందే, 1873లో, వాటాల విమోచన చట్టం వచ్చింది. వంద పౌండ్లకు రెండు వందలు. ఇందుకోసం 1833లోనే పక్కన పెట్టిన పూచీ నిధి ఉంది, చాలనిదాన్ని ఇండియా పేరున అప్పుగా రాసుకున్నారు. 1874 జూన్ 1న కంపెనీ చట్టరీత్యా రద్దయింది. రెండేళ్ళకు ధాత కరువు మొదలైంది.

(వచ్చే భాగం: ఆత్మకూరు, రాపూరు తాలూకాల్లో మైకా గనులు)